ఆరోగ్య దినాలు మన ఊళ్లో ఎట్లా జరపాలి: ఫ్లెక్సీ కట్టడం నుంచి మాత్ర మొదలయ్యే దాకా

కొన్నేళ్ల కిందట పాకాల దగ్గర మా ఊళ్లో మొదటిసారి ప్రపంచ మధుమేహ దినం జరిపాం. నవంబరు 14, ఎలిమెంటరీ స్కూలు వరండా, పొద్దున పదకొండు గంటలు. నీలం రంగు ఫ్లెక్సీ కట్టాం, మైకు పెట్టాం, వచ్చినవాళ్లకు టీ బిస్కెట్లు ఇచ్చాం. అదే రోజు బాలల దినోత్సవం కూడా కావడంతో పక్క గదిలో పిల్లల పాటల హోరులో ఎవరు చెప్పేది ఎవరికీ వినబడలేదు. వచ్చింది పద్నాలుగు మంది. వాళ్లలో పదకొండు మందికి ముందే షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. అసలు పరీక్ష చేయించుకోవాల్సినవాళ్లు ఆ టైముకు చేలల్లో ఉన్నారు, లేదంటే తిరుపతికి పనికి పోయున్నారు.

వచ్చిన ఆ కొద్దిమందిలో ఒక పెద్దమ్మకు బీపీ 190/110 వచ్చింది. "ఆస్పత్రికి పోయి చూపించుకోమ్మా" అన్నాం. "నాకేం నాయనా, బాగుండాను" అని నవ్వుతూ ఇంటికి పోయింది. మేం కుర్చీలు సర్దేసి, ఫొటోలు గ్రూపులో పెట్టి, మరిచిపోయాం. సంక్రాంతి దాటాక ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. బీపీ ఉందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు, మధ్యలో రెండు నెలలున్నా మాలో ఒక్కరం కూడా ఆ గడప తొక్కలేదు. ఆ తర్వాత మేం పని చేసే తీరే మార్చుకున్నాం. మీరు ఊళ్లో గానీ, తిరుపతి, చిత్తూరు వార్డుల్లో గానీ ఇట్లాంటి కార్యక్రమం పెట్టాలనుకుంటే, మేం ఆలస్యంగా తెలుసుకున్నవన్నీ ముందే మీ చేతిలో ఉండాలని వరసగా రాస్తున్నాను.

మొదట: ఏడాదికి రెండు మూడు ఎంచుకోండి, చాలు

క్యాలెండరు చూస్తే వారానికో దినం కనిపిస్తుంది. అన్నీ జరపాలనుకుంటే ఏదీ సరిగా జరగదు. మీ ఊళ్లో మనుషులు దేనితో ఇబ్బంది పడుతున్నారో ఆశా వర్కర్‌ని అడగండి, ఆమెకు ఇల్లిల్లూ తెలుసు. మా వైపు బాగా పనికొచ్చేవి చెప్తాను. మార్చి 24 క్షయ దినం, మే 17 బీపీ దినం, జూన్ 14 రక్తదాతల దినం, సెప్టెంబరు నెలంతా పోషకాహార మాసం, అదే నెలలో 19న పాముకాటు మీద, 28న రేబిస్ మీద, 29న గుండె మీద ఒక్కో దినం. అక్టోబరు రొమ్ము క్యాన్సర్ నెల, అదే నెల 10న మానసిక ఆరోగ్య దినం, 29న పక్షవాతం దినం. నవంబరు 14 షుగర్, డిసెంబరు 1 ఎయిడ్స్.

ఎంచుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోండి: ఇది అయిపోయిన మరుసటి రోజు, వచ్చిన మనిషి చేయాల్సిన పని ఏది? జవాబు ఒక్క వాక్యంలో రావాలి. క్షయ దినానికైతే "రెండు వారాలు దాటి దగ్గుతుంటే తెమడ పరీక్ష చేయించుకో". బీపీ దినానికైతే "140/90 దాటితే ఈ వారంలో ఇంకోసారి చూపించుకో". అట్లా ఒక్క వాక్యం రాకపోతే ఆ దినాన్ని వదిలేసి ఇంకోటి చూసుకోండి.

ఇక తేదీ. వారం అటూ ఇటూ జరిపితే తప్పేమీ లేదు, ఊరి క్యాలెండరే ముఖ్యం. మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర వారం ఉంటుంది, ఆ రోజుల్లో ఎవరూ మీ మాట వినే తీరికలో ఉండరు. వినాయక చవితి నుంచి కాణిపాకం ఉత్సవాలు, ఆ తర్వాత తిరుమల బ్రహ్మోత్సవాలు, సగం మంది ఆ పనుల మీదే ఉంటారు. జూన్, జూలైలో మామిడి కోతలు. అప్పుడు ఊళ్లో శిబిరం పెడితే ఆడవాళ్లు పల్ప్ ఫ్యాక్టరీల్లో, మగవాళ్లు దామలచెరువు మండీల్లో ఉంటారు. అట్లాంటప్పుడు మండీ దగ్గరే పెట్టండి. మూటలు దించే హమాలీలకు, లారీ డ్రైవర్లకు బీపీ చూసేవాళ్లెవరూ ఉండరు, వాళ్ల దగ్గరికి మనమే పోవాలి.

నెల ముందు: ఎవరిని కలవాలి

నేరుగా విలేజ్ క్లినిక్‌కు పోయి ఏఎన్ఎంని, అక్కడుండి క్లినిక్ చూసుకునే ఆరోగ్య అధికారి ఎంఎల్‌హెచ్‌పీని కలవండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలని ప్రభుత్వ కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. వాళ్ల దగ్గర జాబితా ఉంటుంది. "ఇంకా ఎవరు మిగిలారు, ఎవరు పిలిచినా రావడం లేదు?" అని అడగండి. మీ పని ఆ మిగిలినవాళ్లను రప్పించడమే. పరీక్ష చేసేది వాళ్లు, మనుషులను కూడగట్టేది మీరు. మేం మొదటిసారి వాళ్లకు మాట కూడా చెప్పకుండా సొంతంగా పెట్టాం, అందుకే వచ్చిన అంకెలు ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

తర్వాత పీహెచ్‌సీ డాక్టరుకు తేదీ, ఊరు, ఎంతమంది రావచ్చో రాసి ఒక ఉత్తరం ఇవ్వండి. షుగర్ చూసే స్ట్రిప్పులు, వేలికి గుచ్చే సూదులు (లాన్సెట్లు), మందులు అక్కడి నుంచే రావాలి కాబట్టి నోటి మాట సరిపోదు. సచివాలయంలో చెప్పండి, సర్పంచికి చెప్పండి, డ్వాక్రా గ్రామ సంఘం మీటింగులో పది నిమిషాలు అడిగి తీసుకోండి. ఈ చివరిది మిగతా అన్నింటికన్నా బలమైనది. తిరుపతి, చిత్తూరు టౌన్లలో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రం, వార్డు సచివాలయం, పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా రిసోర్స్ పర్సన్లు. కంటి పరీక్షలకు అరవింద్ కంటి ఆసుపత్రిని, ఇంకా పెద్ద పరీక్షలకు తిరుపతి పెద్దాసుపత్రులు రుయా, స్విమ్స్‌లను అడగొచ్చు. వాళ్లకు నెల ముందే ఉత్తరం చేరాలి. ఎస్వీ మెడికల్ కాలేజీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ విద్యార్థులు వస్తే పేర్లు రాయడానికి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటానికి బాగా సాయంగా ఉంటారు.

ఒక జాగ్రత్త. "ఉచిత శిబిరం మేం పెడతాం" అని మందులమ్మేవాళ్లు, టెస్టుల ప్యాకేజీలు అమ్మేవాళ్లు వస్తారు. ఆ రోజు ఏ వస్తువూ అమ్మకూడదు, ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వకూడదు అని ముందే గట్టిగా చెప్పండి. ఒప్పుకోకపోతే వద్దనండి.

చోటు, టైము: పాల సెంటరు

ఈ ఒక్క మార్పుతో మాకు వచ్చేవాళ్లు పద్నాలుగు నుంచి ఎనభై దాటారు. మన జిల్లాల్లో దాదాపు ప్రతి ఊళ్లో పాల సెంటరు ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఏడున్నర మధ్య ఇంటికొకరు క్యాను పట్టుకుని అక్కడికి వస్తారు, పిలవాల్సిన పనే లేదు. ఏఎన్ఎం అంత పొద్దున్నే రావాలంటే ఇబ్బందే, కాబట్టి ముందురోజే బండి మాట్లాడి పెట్టండి, ఆమె టిఫిను సంగతి మీరు చూసుకోండి.

అక్కడ పెట్టడంలో ఇంకో లాభం మేం అనుకోనిది. పాలు పోశాక వెన్న శాతం మిషన్లో చూసి చీటీ ఇస్తారు కదా, ఆ అంకె కాస్త తగ్గినా ఆడవాళ్లు ఊరుకోరు, ఎందుకు తగ్గింది, నిన్న ఎంత, మేత మార్చాలా అని అడుగుతారు. మా సంఘం లీడరక్క దాన్నే పట్టుకుంది. "గేదె పాలకు అంకె అడుగుతారే, మీ ఒంటికి అంకె ఎంతో ఒక్కరైనా అడిగినారా?" అంది. అంతే, క్యాన్లు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నారు. బీపీ అంటే ఏమిటో మేం ఏడాదిగా మైకులో చెప్తున్నా ఎక్కనిది, ఆ ఒక్క మాటతో ఎక్కింది.

పాల సెంటరు లేని చోట రేషను ఇచ్చే రోజు, ఉపాధి హామీ పని జరిగే చోటు, వారపు సంత, గుడి దగ్గర శనివారం పొద్దున చూసుకోండి. తిరుపతిలో ఆటో స్టాండ్లు, పూల మార్కెట్టు, కొండ కింద హోటళ్లలో పనిచేసేవాళ్లు డ్యూటీ మారే టైము. మనుషులు రోజూ వాళ్లంతట వాళ్లే ఎక్కడ చేరతారో అక్కడే మీ టేబులు వేయాలి.

మాట చేరవేయడం

ఫ్లెక్సీకి పెట్టే డబ్బు స్ట్రిప్పులకు పెట్టండి. మాట చేరడానికి దండోరా, మసీదు, చర్చి, గుడి మైకులు, వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. వాయిస్ ముప్పై సెకన్లు దాటకూడదు, ఊళ్లో అందరికీ తెలిసిన గొంతు అయ్యుండాలి. మేం పంపింది ఇట్లా ఉంటుంది: "అక్కలారా, అన్నలారా, ఎల్లుండి ఆదివారం పొద్దున పాలు పోసేటప్పుడు మన సెంటర్ దగ్గర బీపీ, షుగర్ చూస్తారు. డబ్బులు అక్కర్లేదు. మాత్రలు వాడేవాళ్లు చీటీ తెచ్చుకోండి. బీపీ చూపించుకునే దాకా కాఫీ తాగొద్దు, బీడీ కాల్చొద్దు."

భయపెట్టే ఫొటోలు, కోసేసిన కాళ్లు, గడ్డలు పంపకండి. భయపడ్డ మనిషి ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతాడు.

ఆ రోజు పొద్దున

బీపీ దగ్గర తొందర పనికిరాదు. క్యాను మోసుకుని నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, వీపుకు ఆనిక ఉండాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో టేబులు మీద ఉండాలి, పట్టీ చీర చెంగు మీదో చొక్కా మీదో కాకుండా ఒంటి మీదే చుట్టాలి. చూసేటప్పుడు ఆ మనిషీ మాట్లాడకూడదు, చుట్టూ ఉన్నవాళ్లూ మాట్లాడించకూడదు. అందుకే రెండు బెంచీలు వేయండి, ఒకటి కూర్చుని అలుపు తీర్చుకోవడానికి, ఒకటి చూడటానికి. ఎక్కువ వస్తే కాస్త ఆగి రెండోసారి చూడాలి.

షుగర్ విషయంలో మాకు ఒక అనుభవం. జూన్ నెలలో మండీ దగ్గర ఒకతనికి 380 చూపించింది. మనిషి వణికిపోయాడు. ఏఎన్ఎం అతని వేళ్లు చూసి, సబ్బుతో కడుక్కుని రమ్మని పంపి, ఇంకో వేలికి చూస్తే 118 వచ్చింది. అప్పుడే మామిడిపండు కోసి తిన్నాడు, వేలికంటిన రసం రక్తపు చుక్కలో కలిసింది. అప్పటి నుంచి మా టేబులు ముందు బక్కెట్టు నీళ్లు, సబ్బు, తుడుచుకోను శుభ్రమైన గుడ్డ లేకుండా మొదలుపెట్టం. స్పిరిట్ రాస్తే అది ఆరేదాకా ఆగాలి. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవడం మేలు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేయొద్దు, తేమ తగిలితే అంకెలు తప్పుతాయి, గడువు తేదీ కూడా చూసుకోండి.

లాన్సెట్ ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు, ఎంత రద్దీ ఉన్నా సరే. వాడినవి వేయడానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా పెట్టండి, మూత బిగించి ఏఎన్ఎం చేతికే ఇవ్వండి. చెత్తబుట్టలో పడితే మర్నాడు ఊడ్చే ఆమె చేతికి గుచ్చుకుంటుంది.

ఏ అంకెకు ఏం చేయాలో ముందే మాట్లాడుకుని చార్టు మీద రాసుకోండి. బీపీ 140/90 లేదా అంతకు మించితే ఇంకో రోజు మళ్లీ చూసి డాక్టరు తేల్చాలి, ఒక్క పూట అంకెతో జబ్బు అని ముద్ర వేయకూడదు. 180/120 తాకితే అదే రోజు డాక్టరు దగ్గరికి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా 108. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను, ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, పసరు వైద్యానికి తిరిగే టైము అందులో లేదు. అన్నం తిన్నాక, తినకముందు అని తేడా లేకుండా షుగర్ చూసినప్పుడు 140 దాటితే పరగడుపున మళ్లీ పరీక్షకు పంపాలి. పరగడుపున 126 లేదా అంతకు మించితే డాక్టరు మళ్లీ పరీక్ష చేసి షుగర్ ఉందో లేదో తేలుస్తారు.

గుట్టు

అంకె గట్టిగా చదవకండి. చీటీ మీద రాసి చేతిలో పెట్టండి. పెళ్లి కావాల్సిన అమ్మాయికి షుగర్ అని పాల సెంటర్ దగ్గర ఒక్కరు విన్నా, సాయంత్రానికి రెండు ఊళ్లకు తెలుస్తుంది. పరీక్ష చేయించుకుంటున్న మనిషి ముఖం కనిపించేలా ఫొటో తీయొద్దు. డిసెంబరు 1 కార్యక్రమంలో దీని మీద ఇంకా పట్టుదల కావాలి. ఒకరికి హెచ్‌ఐవీ ఉందని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఆ పరీక్ష టేబులు మీద చేయించకుండా, ఎక్కడ చేస్తారో మాత్రం చెప్పండి.

కొన్ని దినాలకు వేరే పద్ధతి

క్షయకు గుంపుగా పిలవడం పని చేయదు, దగ్గు ఉన్నవాళ్లే దాక్కుంటారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఈ జబ్బుతో పాత సంబంధం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ల కిందటే క్షయ శానటోరియం నడిచింది, మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతి మీదే ఆశ పెట్టుకుని రోగులు అక్కడ నెలల తరబడి ఉండేవాళ్లు. ఇంటిని వదిలి పోవాలి, కంచం వేరు చేస్తారు అనే భయం పెద్దవాళ్ల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కాబట్టి ముందు చెప్పాల్సిన మాట: చాలామందికి ఆరు నెలల మాత్రలతో నయమవుతుంది, మందులు ఉచితం, ఇంట్లోనే ఉండొచ్చు, తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. మార్చి 24కు ముందు వారం ఆశా వర్కర్‌తో కలిసి ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే అడగండి: "ఇంట్లో ఎవరైనా రెండు వారాలు దాటి దగ్గుతున్నారా? సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉందా?" ఉందంటే తెమడ డబ్బా అక్కడే ఇప్పించండి.

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ నెలకు డ్వాక్రా మీటింగు సరైన చోటు. మగవాళ్లెవరూ ఉండకూడదు, ఫొటోగ్రాఫరు కూడా. రొమ్ము అనే మాట పైకి అనడానికే మనవాళ్లు జంకుతారు, అందుకే మొదట ఏఎన్ఎం కాకుండా సంఘంలో పెద్ద వయసు ఆమె మాట్లాడితే గది తేలికపడుతుంది. నొప్పి లేని గడ్డను "నొప్పి లేదు కదా" అని వదిలేయడం చాలా ఇళ్లలో జరిగేది, నొప్పి లేకపోయినా చూపించుకోవాలని ఒకటికి రెండుసార్లు చెప్పండి. చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చర్మం సొట్టపడటం కూడా చెప్పాలి. మీటింగు అయ్యాక పక్క గదిలో ఏఎన్ఎం ఒక్కొక్కరినీ చూసే ఏర్పాటు ఉంటే, ఇంటికి పోయి వస్తామనేవాళ్లు కూడా అక్కడే చూపించుకుంటారు. అనుమానం ఉన్నవాళ్లను తిరుపతికి పంపేటప్పుడు తోడు ఒకరు పోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఎట్లా దొరుకుతుందో ఆసుపత్రిలో వైద్యమిత్ర చెప్తారు.

పాముకాటుకు పొలం గట్టే వేదిక. కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు, కాటు పడ్డ కాలు కదలనీయకుండా 108లో విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి. ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని ఊరి గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. కుక్కకాటుకు సబ్బు, ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా.

రక్తదానం ఎండాకాలంలో పెడితే మేలు, కాలేజీలకు సెలవులు కాబట్టి ఇచ్చేవాళ్లు తగ్గుతారు, అవసరం తగ్గదు. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు.

ఆ తర్వాత: నోటు పుస్తకం

మామూలు రెండొందల పేజీల పుస్తకం. ఆరు గళ్లు గీయండి: పేరు, వీధి, వచ్చిన అంకె, ఆస్పత్రికి పోయారా, మాత్ర మొదలైందా, నెల తర్వాత అంకె. అంకె ఎక్కువ వచ్చినవాళ్ల పేర్లే ఇందులో రాయాలి, వాళ్లను అడిగి రాయాలి. పుస్తకం ఏఎన్ఎం దగ్గర, మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. వీధికొకరు బాధ్యత తీసుకోవాలి, ఒక్కొక్కరికి ఐదారు పేర్లకు మించి ఇవ్వొద్దు.

మూడో రోజు ఇంటికి పోండి. "పోయినారా?" అని అడిగితే "పోతాం" అంటారు. "రేపు పొద్దున ఏడున్నర బస్సుకు నేనూ వస్తా" అంటే కదులుతారు. పోకపోవడానికి కారణాలు వింటే చాలా చిన్నవి: ఆవు ఈనబోతోంది, మనవడిని చూసుకునేవాళ్లు లేరు, ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో తెలీదు. వాటిలో సగం మీరే తీర్చగలరు. రెండో వారం మాత్ర మొదలైందో లేదో చూడండి, మొదలయ్యాక "తగ్గింది కదా" అని ఆపేసేవాళ్లు ఎక్కువ, బీపీ తగ్గింది మాత్ర వల్లే అని అప్పుడు చెప్పాలి. నెల తర్వాత మళ్లీ పాల సెంటర్ దగ్గర టేబులు వేసి ఆ పేర్లవాళ్లకే చూడండి. ఆరో గడి నిండిన తర్వాతే వచ్చే దినం సంగతి మాట్లాడుకోండి.

మా వీధి పుస్తకం ఇప్పుడు ఆ పెద్దమ్మ కోడలు రాస్తోంది. పోయిన మే 17కు తొమ్మిది పేర్లు ఎక్కాయి, ఎనిమిదింటికి ఆరో గడి నిండింది. తొమ్మిదో ఆయన బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయాడు, నెలకోసారి ఊరికొస్తాడు. ఈసారి వస్తే బస్సు దిగగానే పట్టుకోవాలని ఆమె ఆయన పేరు పక్కన పెన్సిలుతో తేదీ రాసి పెట్టింది.